కడీల మీది మగ తొండలు: పది నెలల లెక్క, అందులో చేసిన తప్పులు

మగ తొండలు ఏ నెలలో జతకట్టడానికి సిద్ధమవుతాయి, ఎప్పుడు ఆ పని మానేస్తాయి అన్నది తొండను పట్టకుండా, కోయకుండా, కేవలం చూసి లెక్కగట్టవచ్చా? దానికోసం చేసిన పని ఇది. పది నెలలు పట్టింది. మొదటి మూడు నెలల లెక్కలో సగం పనికిరాలేదు. మీ ఊళ్లోనో మీ బడి ఆవరణలోనో ఎవరైనా ఇదే పని చేయాలనుకుంటే ఆ మూడు నెలలు మీకు మిగలాలని తప్పులతో సహా రాసి పెడుతున్నాను.

స్థలం, తొండ, పద్ధతి

స్థలం మా నాన్న బత్తాయి తోట. నల్గొండ నుంచి మునుగోడు పోయే దారిలో ఉంటుంది. తూర్పు హద్దు పొడుగునా రాతి కడీలు పాతి ముళ్లతీగ గుంజారు. కడీలు 84. కడీకీ కడీకీ మధ్య 8 అడుగులు. ఈ కొస నుంచి ఆ కొసకు 664 అడుగులు, అంటే 200 మీటర్ల పైచిలుకు. 1 నుంచి 50 వరకు కడీల పక్కన డ్రిప్పు పారే చెట్లున్నాయి. 51 నుంచి 84 వరకు బీడు. అక్కడి బోరు ఎండిపోతే చెట్లు తీసేశాం, ఇప్పుడు సర్కారు తుమ్మ కంప మొలిచింది. ఈ తేడా తర్వాత చాలా పనికొచ్చింది.

తొండ అంటే మన ఇళ్ల చుట్టూ, కంచెల మీద కనబడే మామూలు తొండే. శాస్త్రీయ నామం కేలోటిస్ వర్సికలర్. 1802లో ఫ్రెంచి శాస్త్రవేత్త దోదాన్ దీన్ని వర్ణించి పేరు పెట్టాడు. జతకట్టే కాలంలో మగదాని తల, భుజాలు ఎర్రబడతాయి, గొంతు పక్కన నల్ల మచ్చ తేలుతుంది. ఎత్తైన చోట ఎక్కి ముందుకాళ్ల మీద ఒళ్లు లేపి దించుతూ దండీలు తీస్తుంది. మన చేలల్లో దానికి కడీని మించిన ఎత్తుపీట దొరకదు.

అనుకున్న పద్ధతి:

1. ప్రతి ఆదివారం పొద్దున 8:30కు 1వ కడీ దగ్గర మొదలుపెట్టి 84 దాకా నడవాలి.
2. ప్రతి తొండకూ కడీ నంబరు, మగదా ఆడదా, తల రంగు రాయాలి.
3. తొండ ఒంటి వేడి కొలవాలి.

ఈ మూడింటిలో మూడూ మార్చాల్సి వచ్చింది.

మొదటి దశ: ఫిబ్రవరి నుంచి మార్చి సగం దాకా

ముందు వేడి సంగతి. దూరం నుంచి గురిపెట్టి వేడి కొలిచే గన్ ఒకటి 1,350 రూపాయలకు కొన్నాను. ఎర్ర చుక్క తొండ వీపు మీద పడేది, అంకె వచ్చేది, రాసుకునేదాన్ని. ఐదు వారాలు అలాగే నడిచింది. ఆరో ఆదివారం 22వ కడీ మీది తొండను కొలిచిన వెంటనే అది దూకి పోయింది. గన్ ఇంకా కడీ మీదే ఉంది. మళ్లీ నొక్కితే అదే అంకె వచ్చింది. తొండ లేకపోయినా అదే వేడి.

డబ్బా మీద 12:1 అని రాసి ఉంది. అంటే 12 అడుగుల దూరం నుంచి గురిపెడితే అడుగు వెడల్పున్న గుండ్రటి జాగా సగటు వేడి చెబుతుంది. ఎర్ర చుక్క చిన్నదిగా కనబడినా కొలత మాత్రం ఆ జాగా మొత్తానిది. తోక తీసేస్తే తొండ ఒళ్లు బెత్తెడుకు కాస్త ఎక్కువ. నేను ఐదు వారాలు కొలిచింది రాతి వేడి.

ఆ అంకెలన్నీ కొట్టేశాను. తీగ చివర మొన ఉండే చిన్న డిజిటల్ థర్మామీటరు 320 రూపాయలకు కొని, మొనను 20వ కడీకి ఎండ తగిలే వైపు టేపుతో అంటించాను. దాన్ని 'కడీ వేడి' అని మాత్రమే రాస్తున్నాను. తొండ ఒంటి వేడి అని ఎక్కడా రాయలేదు. తొండను పట్టి దాని ఒంట్లో మొన పెట్టకుండా ఆ అంకె రాదు. పట్టకూడదని ముందే అనుకున్నాను.

రెండో తప్పు మగ, ఆడ తేడాలో. ఫిబ్రవరిలో అన్నీ ఒకటే మట్టి రంగు. పెద్దగా ఉన్నవన్నీ మగవి అని రాసేశాను. 9వ కడీ దగ్గర తిరిగే పెద్ద 'మగ' తొండ ఏప్రిల్ కల్లా కడుపు నిండా గుడ్లతో కనబడింది. ఫిబ్రవరి నెల మగ తొండల లెక్క మొత్తం తీసేశాను, తొండల మొత్తం సంఖ్య మాత్రం ఉంచాను. రంగు లేని కాలంలో గుర్తుపట్టాలంటే తోక మొదలు చూడాలి. మగదానికి జననాంగాలు రెండు, అవి తోక మొదట్లో లోపలికి ముడుచుకుని ఉంటాయి కాబట్టి అక్కడ లావుగా ఉంటుంది. ఆడదాని తోక నడుము దాటగానే సన్నబడుతుంది. పక్క నుంచి తీసిన ఫోటోలో ఇది తెలియదు. పైనుంచో వెనకనుంచో చూడాలి.

మూడోది, దగ్గరికి పోవడం. 15 అడుగుల లోపలికి పోతే తొండ కడీ చుట్టూ తిరిగి అవతలి వైపు అతుక్కుంటుంది. మీరు ఇటు తిరిగితే అది అటు తిరుగుతుంది. 20 అడుగుల దూరంలో కింద కూర్చుంటే రెండు నిమిషాల్లో మళ్లీ ఇటు వస్తుంది. 8×42 బైనాక్యులర్ చాలు.

ఇప్పటిదాకా: నడకలు 6. తొండలు కనబడింది 47 సార్లు. నమ్మదగిన మగ తొండల లెక్క లేదు. నమ్మదగిన వేడి లెక్క లేదు. ఖర్చు పెయింటు, బ్రష్‌తో కలిపి 1,910 రూపాయలు.

రెండో దశ: మార్చి సగం నుంచి ఏప్రిల్ చివర దాకా

రంగు రాయడానికి పెయింట్ల కొట్టులో ఉచితంగా ఇచ్చే షేడ్ కార్డు తెచ్చి, అందులోంచి ఆరు గళ్లు కత్తిరించి అట్టకు అంటించాను. 1 అంటే బూడిద, 6 అంటే పండు మిరప ఎరుపు. మార్చి మూడో ఆదివారం 17వ కడీ మీద మొదటి ఎరుపు కనబడింది. 9:10కి 5 అని రాశాను. ముందుకు పోయి, 9:25కి ఫోటో సరిగా రాలేదని వెనక్కి వచ్చి చూస్తే అదే కడీ మీద అదే తొండ, రంగు 1.

మొదట వేరే తొండ అనుకున్నాను. ఫోటోలు పెద్దవి చేసి చూస్తే వీపు మీది ముళ్ల వరుసలో మూడో ముల్లు విరిగి ఉంది, రెండింట్లోనూ. తర్వాతి ఆదివారం కడీలు తిరగకుండా గంటసేపు 17 ముందే కూర్చున్నాను. 19వ కడీ నుంచి ఇంకో పెద్ద మగ తొండ తీగ మీదుగా వచ్చింది. రెండూ ఎదురెదురుగా ఒళ్లు పక్కకు తిప్పి, గొంతు సంచి ఉబ్బించి, నోరు తెరిచి నిలబడ్డాయి. 17వది రెండడుగులు వెనక్కి తగ్గింది. తగ్గుతుండగానే ఎరుపు తల మీద నుంచి దిగిపోయింది. బట్ట మీది నీటి తడి ఎండలో ఆరిపోతున్నట్టు, అంచుల నుంచి లోపలికి. వాచీ చూశాను, మూడు నిమిషాలు కూడా పట్టలేదు.

ఈ పని మొత్తంలో నేను నేర్చుకున్న అసలు సంగతి ఇదే. ఎరుపు రాగల సత్తా వారాల తరబడి నెమ్మదిగా పెరుగుతుంది. వృషణాలు పెరిగి టెస్టోస్టిరాన్ అనే మగ హార్మోను ఎక్కువైతేనే ఆ సత్తా వస్తుంది. కానీ ఈ క్షణాన ఆ ఎరుపు చూపాలా దాచాలా అన్నది చర్మంలోని రంగు కణాలు నిమిషాల్లో తేల్చేస్తాయి. ఒక్క చూపులో రంగు రాసుకుని దాన్ని కాలం అనుకుంటే తప్పు. తొండ ముదిరితే ఊసరవెల్లి అని మన పెద్దలు అన్నది ఈ మార్పు కళ్లారా చూసే కావచ్చు.

అక్కడి నుంచి పద్ధతి ఇలా మార్చాను:

1. కనబడ్డ ప్రతి మగ తొండ ముందు 10 నిమిషాలు కూర్చోవాలి. ఆ 10 నిమిషాల్లో వచ్చిన అతి ఎర్రటి గడి నంబరే రాయాలి.
2. ఆ 10 నిమిషాల్లో ఎన్ని దండీలు తీసిందో చేతి కౌంటరుతో నొక్కాలి. తల ఒక్కటే ఊపితే లెక్క కాదు. ముందుకాళ్లు చాపి రొమ్ము లేవాలి.
3. గొంతు పక్క నల్ల మచ్చ ఉందా, చెంపలు ఉబ్బాయా: ఉంది, లేదు అని రెండే మాటలు.
4. కడీ మీద నంబరు కింద తెల్ల సున్నం పట్టీ కొట్టాలి. ఫోటోలో ఆ పట్టీ తెల్లగా వస్తేనే తల రంగును నమ్మాలి. ఫోను దానంతట అదే రంగులు సర్దేస్తుంది. పొద్దుటి ఎండలో మట్టి రంగు తొండ కూడా నారింజగా వస్తుంది.

10 నిమిషాల చొప్పున కూర్చుంటే ఒక్క పొద్దున 84 కడీలు పూర్తి కావు. అందుకని కనబడ్డవన్నీ లెక్కపెడుతూ ముందు నడిచి, తిరిగి వచ్చేటప్పుడు ఎనిమిది మగవాటి దగ్గర మాత్రం కూర్చున్నాను.

ఏ తొండ ఏదో గుర్తు పెట్టుకోవడం ఇంకో తలనొప్పి. మా మేనల్లుడు ఏడో తరగతి. "అత్తా, పొడుగు కట్టెకు బ్రష్ కట్టి గోళ్ల రంగు చుక్క పెడదాం" అన్నాడు. రెండింటికి పెట్టాం. ఒకటి బెదిరి దూకి రెండు వారాలు కనబడలేదు. రెండోది ఏప్రిల్‌లో పొర వదిలింది, చుక్క ఆ పొరతోనే పోయింది. మళ్లీ ఆ పని చేయలేదు. ఫోటోలే నయం. బల్లి తోక తెగితే మళ్లీ మొలుస్తుంది, తొండకు అలా మొలవదు. ఒకసారి తెగితే జీవితాంతం మొండే. విరిగిన ముల్లు, మొండి తోక, పెదవి మీది పాత గాటు, ఈ మూడింటితో ఎనిమిదింటినీ పేరు పెట్టినట్టు గుర్తుపట్టగలిగాం. 31వ కడీ మీది దాన్ని మేనల్లుడు మొండోడు అనేవాడు.

దండీల సగటు, 10 నిమిషాలకు: మార్చి చివరి వారం 3. ఏప్రిల్ మొదటి వారం 6. ఏప్రిల్ చివర 12.

ఇప్పటిదాకా: నడకలు 13. తొండలు కనబడింది 135 సార్లు. గుర్తుపట్టగల మగవి 8. ఖర్చు 2,060.

మధ్యలో: స్లైడ్ల పెట్టె

బయట కనబడేదానికీ లోపల జరిగేదానికీ పొత్తు కుదురుతోందా లేదా చూడాలి. నేను డిగ్రీ కాలేజీలో జువాలజీ చెబుతాను. ఒకప్పుడు ప్రాక్టికల్స్‌లో తొండనూ కప్పనూ కోసేవారు. 2014లో యూజీసీ (విశ్వవిద్యాలయ నిధుల సంఘం) జంతువులను కోయడం మానేయమని చెప్పింది. మంచి పని చేసింది. అంతకు ముందు తయారు చేసిన మైక్రోస్కోపు స్లైడ్లు మాత్రం చెక్కపెట్టెలో అలాగే ఉన్నాయి. అంచున సిరాతో 'తొండ, వృషణం, జనవరి' అనీ, 'మే' అనీ రాసిన చీటీలు. చనిపోయిన ఆ జీవాలు ఇప్పటికైనా ఇంకో లెక్కకు పనికొస్తాయనిపించి తీశాను.

జనవరి స్లైడులో శుక్రోత్పాదక నాళికలు, అంటే శుక్రకణాలు తయారయ్యే సన్న గొట్టాలు, చిన్న చిన్న గుండ్రాలు. గోడ లోపల ఒకటి రెండు వరుసల కణాలే. నడుమ ఖాళీ దాదాపు లేదు. మే స్లైడులో ఆ గుండ్రాలు ఒకదాన్నొకటి ఒరుసుకునేంత లావయ్యాయి. గోడ పొడుగునా కణాలు అంతస్తులు కట్టాయి, లోపలి అంచున శుక్రకణాల తలలు నీలం నల్లగా, గడ్డివాములో గుచ్చిన పోచల్లా కట్టలు కట్టలుగా ఉన్నాయి. తోకలన్నీ నడిమి ఖాళీలోకి లేత గులాబీ రంగులో వేలాడుతున్నాయి. మూత్రపిండం స్లైడులో కూడా తేడా తెలుస్తుంది. మగ తొండ మూత్రపిండంలో కొన్ని నాళికలు టెస్టోస్టిరాన్‌కు స్పందించి జతకట్టే కాలంలో లావెక్కుతాయి. వాటి గోడ కణాలు మేలో పొడుగ్గా, గింజలు నింపినట్టు ఉన్నాయి, జనవరిలో పొట్టిగా ఖాళీగా ఉన్నాయి.

ఇక్కడ కూడా ఒక కొలత చెడగొట్టాను. మైక్రోస్కోపు కంటిముక్కలో (ఐపీస్) ఉండే గీతల స్కేలుతో నాళిక వెడల్పు కొలిస్తే జనవరిది 36 గీతలు, మేది 22 వచ్చింది. తలకిందులు. గంటసేపు తల పట్టుకున్నాక తెలిసింది, జనవరి స్లైడును 40 రెట్ల కటకం కింద, మేను 10 రెట్ల కటకం కింద కొలిచాను. రెండూ 10 కింద పెడితే జనవరి 9, మే 22. పది నాళికల సగటు. మైక్రాన్లలోకి మార్చలేదు. స్లైడు తయారీలో కణజాలం ఎంత ముడుచుకుందో చెప్పలేం, ఒకే పెట్టెలోవి ఒకదానితో ఒకటి పోల్చడం వరకే న్యాయం. కొలిచేటప్పుడు కటకం నంబరు పక్కన రాయడం మరవకండి.

మూడో దశ: మే, జూన్

మే మొదటి ఆదివారం లెక్క సగానికి పడిపోయింది. కాలం అయిపోయిందా అని టెన్షన్ పడ్డాను. కడీ వేడి చూస్తే 9 గంటలకే 43. నల్గొండలో మే నెలంటే తెలిసిందే, గాలి వేడే 44, 45 దాకా పోతుంది. తొండలు 8:30 కల్లా కడీ దిగి కంప నీడకు పోతున్నాయి. మారింది వాటి కాలం కాదు, అవి ఎండలో నిలిచే గంట.

నడకను 7:00కు మార్చాను. కానీ అలా మార్చితే ఏప్రిల్ లెక్కకూ మే లెక్కకూ పొత్తు కుదరదు. అందుకని మూడు ఆదివారాలు రెండు నడకలూ నడిచాను, 7:00కు ఒకటి, 8:30కు ఒకటి. దండీల లెక్క 7:00 నడకలో దాదాపు రెట్టింపు వచ్చింది. ఆ మూడు వారాల జంట అంకెలు ఉండబట్టే రెండు కాలాలనూ కలిపి చదవగలుగుతున్నాను. మీరు ఏ పద్ధతి మార్చినా పాతదీ కొత్తదీ కొన్నాళ్లు పక్కపక్కన నడపండి.

ఇక్కడి నుంచి పట్టికను నెలలతో కాకుండా కార్తెలతో రాయడం మొదలుపెట్టాను. కార్తె పదమూడు, పద్నాలుగు రోజులు, అంటే రెండు నడకలు. నెలకంటే చిన్న గడి. పైగా నాన్నకు చదివి వినిపిస్తే వెంటనే అర్థమవుతుంది.

దండీల సగటు, 10 నిమిషాలకు, 7:00 నడకలో:
కృత్తిక: 21
రోహిణి: 27
మృగశిర: 30
ఆరుద్ర: 26

రోహిణిలో రోళ్లు పగిలే ఎండకు ఎనిమిది మగవాటిలో ఏడు 5 లేదా 6 గడిలో ఉన్నాయి. చెంపలు దవడ కింద చిన్న సంచులు పెట్టినట్టు ఉబ్బాయి.

నాన్న పాదులు సరిచేస్తూ అడిగాడు. "వాన సుక్క పడలే. గివి ఇప్పట్నుంచే ఎందుకు ఎర్రబడుతున్నయ్ బిడ్డా?" నేను జవాబు వెతుక్కునేలోపే ఆయనే అన్నాడు, "ఎండకాలం దుక్కి దున్ని పెట్టుకున్నట్టా?" అంతకంటే బాగా నేను చెప్పలేను. ఆడ తొండ గుడ్లు మెత్తటి తడి మట్టిలో గుంత తీసి పెడుతుంది, పిల్లలు బయటికి వచ్చేసరికి పురుగు ఉండాలి. ఇవి రెండూ వానతోనే. కానీ శుక్రకణాలు తయారవడానికి వారాలు పడతాయి. తొలకరి పడ్డాక మొదలుపెడితే మగది వెనకబడిపోతుంది.

మరి వాన రాకముందే దానికి ఎలా తెలుస్తుంది? తడి ఆ సంకేతమా అన్నది కడీలే కొంత చెప్పాయి. డ్రిప్పు వైపు 1 నుంచి 40, బీడు వైపు 61 నుంచి 84 తీసుకుని, మధ్యలో 41 నుంచి 60 వదిలేశాను, అటువి ఇటు వస్తుంటాయని. మగవాటిలో సగానికి 4వ గడి దాటింది రెండు వైపులా ఏప్రిల్ రెండో వారంలోనే. డ్రిప్పు వైపు తొండలు ఎక్కువ, పది కడీలకు మూడు, బీడు వైపు ఒకటి. కానీ మొదలైన వారం ఒకటే. మట్టి తడి మగవాటిని లేపడం లేదని ఈ ఒక్క తోట వరకు చెప్పగలను. మిగిలేవి వేడి, పగటి పొడుగు. నల్గొండ దగ్గర ఏడాదిలో పొడుగు పగలు దాదాపు 13 గంటల 8 నిమిషాలు, పొట్టి పగలు 11 గంటల 6 నిమిషాలు. తేడా రెండు గంటలే.

జూన్ రెండో ఆదివారం 31వ కడీ కింద మొండోడు చచ్చి పడి ఉన్నాడు. తల పక్కన గులకరాయి. తలూపే తొండ దూరం నుంచే రక్తం పీలుస్తుందని పిల్లలు నమ్ముతారు, కనబడితే రాయి తీస్తారు. పదకొండు వారాల లెక్క ఉంది వాడి మీద. ఆ రోజు మిగతా కడీలు చూడలేకపోయాను, ఆ నడక కొట్టేశాను. సాయంత్రం ఆ పిల్లలు తోట దారిన పోతుంటే పిలిచి బైనాక్యులర్ ఇచ్చి 28వ కడీ చూపించాను. ఒకడు పది నిమిషాలు కదలలేదు. ఇంకో కౌంటరు 150 పెట్టి కొని వాడికిచ్చాను. ఆ తర్వాత వచ్చిన ఆదివారాల్లో బీడు వైపు దండీలు వాడివే.

ఇంకో సంగతి గమనించండి. ఆరు రోజుల తర్వాత 31వ కడీ మీద కొత్త మగ తొండ ఎక్కింది, నిండు తోకది. మర్నాటికి తల ఎర్రబడింది. ఫోటో గుర్తులు లేకపోతే మొండోడి లెక్కే కొనసాగుతోంది అనుకుని రాసేదాన్ని.

ఇప్పటిదాకా: నడకలు 21, జంట నడకలను ఒకటిగా పట్టి. తొండలు కనబడింది 274 సార్లు. మగవి మెడ కరిచి పట్టుకుని జతకట్టడం చూసింది 3 సార్లు. ఖర్చు 2,210.

నాలుగో దశ: జూలై, ఆగస్టు

దండీలు పునర్వసులో 22, పుష్యమిలో 18, ఆశ్లేషలో 11, మఖలో 7. రంగు మాత్రం ఆశ్లేష దాకా 5 దగ్గరే ఉంది. దండీలు ముందు తగ్గాయి, రంగు తర్వాత. రంగు ఒక్కటే రాసి ఉంటే కాలం మలుపు చాలా వారాలు ఆలస్యంగా కనబడేది.

జూన్ చివర ఒక ఆడ తొండ బత్తాయి పాదులో గుంత తీసి గుడ్లు పెట్టి, మట్టి కప్పి, మూతితో నొక్కి పోయింది. కట్టె గుచ్చి గుర్తు పెట్టాను. పన్నెండో రోజు కలుపు తీసేవాళ్లకు చెప్పడం మరిచాను. పార తగిలి 14 గుడ్లలో 3 పగిలాయి. మిగతా 11 పైకీ కిందకీ తిప్పకుండా, ఉన్నవి ఉన్నట్టే మట్టి కప్పాం. తిప్పితే లోపలి పిండం చచ్చే ప్రమాదం ఉంది. 44వ రోజు చూస్తే మట్టిలో వేలు పట్టేంత రంధ్రం, లోపల 7 ఖాళీ పెంకులు. మిగతా 4 కుళ్లాయి.

ఇప్పటిదాకా: నడకలు 28. తొండలు కనబడింది 365 సార్లు.

ఐదో దశ: సెప్టెంబరు నుంచి నవంబరు దాకా

ముందు లెక్క చెడగొట్టినవి. ముసురు పట్టిన ఆదివారాలు తొండలే రావు. ఆ సున్నా కాలం వల్ల వచ్చిందా ముసురు వల్ల వచ్చిందా తెలియదు. అందుకని కడీ వేడి 27 కంటే తక్కువ ఉన్న రోజు నడక లెక్కలోకి తీసుకోలేదు, ఎండ వచ్చిన మర్నాడో మూడో నాడో మళ్లీ నడిచాను. వానకు సున్నం పట్టీలు కరిగిపోయాయి, పెయింటుతో కొట్టాల్సింది. ఈ ఏడు పుట్టిన పిల్లలను మేనల్లుడు రెండు వారాలు పెద్దవాటితో కలిపి రాశాడు, ఫోటోలు చూసి విడదీశాం. ఎండలు తగ్గాయని నడకను మళ్లీ 8:30కు మార్చాను. ఈసారి జంట నడకలు రెండు వారాలే.

దండీలు పుబ్బలో 2, ఉత్తరలో 1, హస్త నుంచి సున్నా.

ఈ దశలో నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది ఒక పోలిక. మార్చి 21 దగ్గరా సెప్టెంబరు 23 దగ్గరా పగటి పొడుగు దాదాపు ఒకటే. మార్చి నాలుగో ఆదివారం 9 గంటలకు కడీ వేడి 34. సెప్టెంబరు చివరి ఆదివారం ఎండ కాసింది, అదే గంటకు అదే 34. అదే 17వ కడీ. విరిగిన మూడో ముల్లు ఉన్న అదే తొండ. మార్చిలో 5వ గడి. సెప్టెంబరులో పక్క కడీ మీదికి ఇంకో మగది వచ్చి కూర్చున్నా తల కూడా ఊపలేదు. రంగు 1.

వేడి అదే, పగలు అదే, తొండ అదే. మరి తేడా దాని ఒంట్లో ఉంది. కొన్ని బల్లి జాతుల్లో జతకట్టే కాలం ముగిశాక కొన్నాళ్లపాటు వేడి ఇచ్చినా, దీపం పెట్టి పగలు పొడిగించినా వృషణాలు లేవవని ప్రయోగాల్లో తేలింది. చలికాలం గడిచాకే మళ్లీ స్పందిస్తాయి. 17వ కడీ మీద నేను చూసింది అదేనని నా నమ్మకం. కానీ బయటి నుంచి చూసి దాన్ని రుజువు చేయలేను. అందుకే ఫోటోలు రెండూ పక్కపక్కన పెట్టి, కింద వేడి, గంట మాత్రమే రాశాను.

ఇప్పటిదాకా: నడకలు 39. తొండలు కనబడింది 439 సార్లు, పిల్లలను కలపకుండా. కొట్టేసిన కొలతలు: వేడి అంకెలు 38, ఫిబ్రవరి మగ లెక్క మొత్తం, రంగు అంకెలు 14.

ఈ ఏడు మారుస్తున్నవి

1. జనవరి నుంచే మొదలు. తోక మొదలు చూసి మగ, ఆడ రాసి, ఫోటో గుర్తులు ముందే తీసి పెట్టాలి.
2. నడక గంటను గడియారంతో కాకుండా సూర్యోదయంతో ముడిపెట్టాలి, పొద్దు పొడిచిన రెండు గంటలకు.
3. దండీలే మొదటి కొలత. రంగు రెండోది.
4. బీడు వైపు చివర ఇంకో 30 కడీలు కలుపుతున్నాను, రెండు వైపుల మధ్య ఎడం పెరగడానికి.
5. కలుపు తీసేవాళ్లకు ముందు రోజే ఫోను చేయాలి.

ఫిబ్రవరిలో ఒక నడక

శనివారం రాత్రి నాన్న ఫోను చేశాడు. "ముప్పై ఒకటో కడీ ఎక్కిండు బిడ్డా, ఇంకా ఎర్రబడలే." పొద్దున పోయి కూర్చున్నాను. నిండు తోకదే, జూన్‌లో వచ్చినదే. కడీ వేడి 29. రంగు 1. చెంప ఉబ్బు లేదు. తోక మొదలు లావు. పది నిమిషాల్లో దండీలు సున్నా.